జర్మనీ చదువు ‘ఫ్రీ’యేనా?

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీలో మెకానికల్ ఫైనల్ ఇయర్. జర్మనీలో ఎంఎస్ ఫ్రీ అంటున్నారు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర కడితే అన్నీ మేమే చూస్తాం అంటున్నారు. కట్టమంటారా?
– ఓ తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అప్పుడే కట్టకండమ్మా. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే. కానీ స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన పిల్లలకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది.

అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్. నెలకు 992 చొప్పున ఏడాదికి 11,904 యూరోలు (2024 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క) వీసాకు ముందే వేసి చూపించాలి. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, అక్కడికెళ్లాక అబ్బాయికే నెలనెలా వస్తుంది. మీ ఆయనతో ముందు దీని గురించే మాట్లాడండి.

ఇక పనులంటారా, మార్కుల మెమోలు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు. యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు పరిశీలించే యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా వెళ్లేవాటికి మొదటిదానికి 75 యూరోలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30. ఇవన్నీ ఇంట్లో కూర్చుని అబ్బాయే చేసుకోగలడు. బీటెక్ చదివినవాడికి ఫారాలు నింపడం ఒక లెక్కా!

కన్సల్టెన్సీకే వెళ్తామంటారా, సరే. కమిషన్ ఇచ్చే ప్రైవేటు యూనివర్సిటీలే లిస్టులో నిండి ఉన్నాయేమో చూడండి. ప్రతి అప్లికేషన్‌లో అబ్బాయి సొంత ఈమెయిలే పెట్టించండి, పాస్‌వర్డ్ వాడి దగ్గరే ఉండాలి.