దాదాపు సరిపోయే లెక్కల వెనుక లోతైన కారణం ఉంటుందా?

పై (π, సుమారు 3.14159), ఈ (e, సుమారు 2.71828) లాంటి సంఖ్యలతో చేసిన లెక్క దాదాపు పూర్ణాంకం అయితే దాని వెనుక ఏదైనా కారణం ఉంటుందా అని అడిగారు. నన్నడిగితే నూటికి తొంభై పాళ్లు ఉండదు. కాకపోతే ఈ మాట మా ఇంట్లో అనకూడదు.

మా అమ్మాయి అమలాపురంలో 2005 ఏప్రిల్ 9న పుట్టింది. ఆ రోజు ఉగాది. ఏటా మా అత్తగారు తిథి చూసి దానికి తలంటి పాయసం చేస్తారు, మేం తారీఖు చూసి కేకు కోయిస్తాం. 2024లో ఉగాది మళ్లీ ఏప్రిల్ 9నే వచ్చింది. వేపపువ్వు దులుపుతూ ఆవిడ, "చూశావుటే, అమ్మవారి లీల!" అని గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పారు. పిల్ల ఊరుకోదుగా, ఫోన్ తీసింది. 19 ఏళ్లంటే 6939.60 రోజులు, 235 చాంద్రమాసాలంటే 6939.69. తేడా రెండు గంటలు. "మామ్మా, పంతొమ్మిదేళ్లకి ఎవరికైనా ఇంచుమించు ఇంతే" అంది. "అయితే అందరూ ఉగాది నాడే పుట్టారా?" అన్నారావిడ. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

సూర్యచంద్రులు మాట్లాడుకుని పెట్టుకున్న లెక్కేమీ కాదిది. ఏడాదికి 12.368 చాంద్రమాసాలు, ఆ 0.368కి 7/19 బాగా దగ్గర. అందుకే 19 ఏళ్లలో 7 అధికమాసాలు. ఏ దశాంశాన్ని పట్టుకుని వెతికినా ఇలాంటి భిన్నం ఒకటి దొరుకుతుంది.

ఇక ఆ మిగిలిన పది పాళ్లు. πని 163 వర్గమూలంతో గుణించి, దాన్ని e మీద ఘాతంగా వేస్తే (e^(π√163)) 262537412640768743 తర్వాత దశాంశంలో వరసగా పన్నెండు తొమ్మిదులు వస్తాయి. ఇది ఊరికే రాలేదు. 640320 ఘనానికి 744 కలిపితే వచ్చే సంఖ్యకి అది అంత దగ్గరగా ఉండాల్సిందేనని మాడ్యులర్ ఫంక్షన్లనే ప్రత్యేకమైన సౌష్ఠవమున్న ప్రమేయాల సిద్ధాంతం చెబుతుంది.

ఇంకొకటి: e కి π ఘాతం వేసి (e^π), అందులోంచి π తీసేస్తే 19.9991, అంటే దాదాపు 20. దీన్ని చాలాకాలం ఉత్త కాకతాళీయం అనే అనుకున్నారు. ఇప్పుడు సగం కారణం దొరికింది: e^π విలువ 8π − 2కి దగ్గరగా రావడం థీటా ఫంక్షన్లనే ఒక రకం అనంత శ్రేణుల వల్ల. అందులోంచి π తీసేస్తే 7π − 2 మిగులుతుంది; ఆ 7π దాదాపు 22 కావడం మాత్రం కాకతాళీయమే.