టీచర్లకి డిజైన్ థింకింగ్ నేర్పాలంటే ముందు కుళాయి దగ్గరికి తీసుకెళ్లండి

మండలంలో టీచర్లకి డిజైన్ థింకింగ్ (ఎదుటివాళ్ల ఇబ్బందిని దగ్గరగా చూసి అర్థం చేసుకుని, పరిష్కారాలు చేసి చూస్తూ సరిదిద్దుకునే పద్ధతి) మీద రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, దానివల్ల పిల్లల్లో సహానుభూతి, సృజన నిజంగా పెరుగుతాయా అని అడిగారు. నేను హైస్కూల్లో సైన్సు చెబుతూ కొన్నేళ్లుగా ఆర్పీగా (తోటి టీచర్లకి శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా) కూడా చేస్తున్నాను. పెరుగుతాయండి. కాకపోతే టీచరు తను ముందు ఒకసారి చేసి ఉండాలి.

నా మొదటి శిక్షణలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ డిజైన్ స్కూల్ (డి.స్కూల్) వాళ్ల అయిదు మెట్లూ (ఎదుటివాళ్లని అర్థం చేసుకోవడం, సమస్య తేల్చుకోవడం, ఆలోచనలు, నమూనా, పరీక్ష) బోర్డు మీద రాసి వివరించాను. చార్టులు, స్కెచ్ పెన్నులు పంచాను. సాయంత్రానికి గోడల నిండా చార్టులే. నెల తర్వాత ఆ బడులకి వెళ్తే ఏ తరగతిలోనూ దాని ఆనవాలు లేదు. తప్పు నాదే. అయిదు మాటలు చెప్పాను గానీ ఒక్క పిల్లాడి దగ్గరికీ వాళ్లని తీసుకెళ్లలేదు.

రెండోసారి బడి జరిగే రోజే శిక్షణ పెట్టించుకున్నాను. భోజనాల తర్వాత ఆరో తరగతి పిల్లలు క్లాసుకి ఆలస్యంగా వస్తున్నారని అందరి ఫిర్యాదు. ఏం చేద్దామంటే పేర్లు రాద్దాం, బయట నిలబెడదాం అన్నారు. ముందు వెళ్లి చూద్దాం అన్నాను. షరతు ఒక్కటే: అరగంటసేపు పిల్లల్ని అదిలించకూడదు. చూడాలి, అడగాలి, రాసుకోవాలి.

కుళాయిలు నాలుగు, నాలుగూ పెద్దపిల్లల ఎత్తుకి బిగించినవే. ఓ పాప మునివేళ్ల మీద లేచి కంచం పట్టింది. నీళ్లు అంచుకి కొట్టి మోచేతి దాకా కారాయి, గౌను ముందంతా తడిసింది. లెక్కల మాస్టారు అడిగితే, "తడిబట్టలతో వస్తే నవ్వుతారు సార్, ఆరేదాకా ఎండలో నిలబడతాను" అంది. తను రాసుకున్నది మాకు చదివి వినిపిస్తూ ఆయన ఆ మాట దగ్గర ఆగిపోయారు. ముందు వారమే ఆ పాపని గుమ్మం బయట నిలబెట్టారట.

అక్కడ ప్రశ్నే మారిపోయింది. ఆలస్యంగా వచ్చేవాళ్లని ఏం చెయ్యాలని కాదు, పొట్టిపిల్లలు బట్టలు తడవకుండా కంచం కడుక్కోవాలంటే ఏం కావాలని. అది పిల్లల ముందే పెట్టాం. ముందు ఇటుకలు పేర్చారు, పాచికి జారాయి. రోజూ ఆ చిన్నవాళ్లని తోసుకుని ముందుకెళ్లే తొమ్మిదో తరగతి అబ్బాయిలే పంక్చర్ షాపు నుంచి పాత సైకిల్ ట్యూబు తెచ్చి కుళాయికి తొడిగారు. ఫుల్లుగా తిప్పగానే ఊడి పడింది. పీడనం పాఠం నేను అక్కడే చెప్పాను. ట్యూబులోంచే సన్నటి పట్టీ కోసి బిగించి కట్టారు, నిలిచింది.

సిలబస్ ఎప్పుడు పూర్తిచేస్తామని మీ టీచర్లు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. టర్ముకి ఇలాంటి సమస్య ఒక్కటి చాలు. దానికి మార్కులు వెయ్యొద్దు, పోటీ పెట్టొద్దు.

అయిదు మెట్లు బరువనిపిస్తే, అహ్మదాబాద్‌లో రివర్‌సైడ్ స్కూల్ స్థాపించిన కిరణ్ బీర్ సేఠీ 2009లో మొదలుపెట్టిన డిజైన్ ఫర్ ఛేంజ్ అనే పిల్లల కార్యక్రమంలో నాలుగే ఉన్నాయి: ఫీల్, ఇమాజిన్, డూ, షేర్. నేనిప్పుడు అవే వాడుతున్నాను, అదీ రెండో రోజు. మొదటి రోజు ప్రొజెక్టరు అసలు పెట్టను.