జాంగు నేర్చుకుంటే పుట్టిన నేల దగ్గరవుతుందా?

ప్రశ్న: కొరియాలో పుట్టి, పసితనంలోనే డెన్మార్క్ దంపతులకు దత్తత వెళ్లిన నా స్నేహితురాలు ఇప్పుడు జాంగు అనే కొరియా డోలు నేర్చుకుంటోంది. కొరియన్ భాష రాని ఆమెకు ఆ సంగీతం పట్టుబడుతుందా?

జవాబు: తప్పక పట్టుబడుతుంది. 1953లో కొరియా యుద్ధం ఆగిన తరువాతి దశాబ్దాలలో లక్షకు పైగా పిల్లలు అమెరికా, ఐరోపా దేశాలకు దత్తత వెళ్లారు. అలా భాషకు దూరమైనవారికి తాళవాద్యమే సులువైన ద్వారమని నా అభిప్రాయం. నడుము సన్నగా ఉండే జాంగుకు ఎడమవైపు మందమైన చర్మం, గుండ్రని తల ఉన్న కర్ర. కుడివైపు పలుచని చర్మం, సన్నని వెదురు పుల్ల. రెండు చేతులూ కలిపి కొడితే ‘డొంగ్’, ఎడమచేతికి ‘కుంగ్’, కుడిచేతికి ‘డొక్’ అని గురువు నోటితో పలికిస్తారు కాబట్టి, మన మృదంగ పాఠంలో సొల్లుకట్టు నేర్చినట్టే, లిపి రాకపోయినా పాఠం సాగుతుంది.

పల్లె రైతుల మేళాల నుంచి పుట్టి 1978లో సియోల్ వేదికనెక్కిన సాముల్నోరి అనే తాళవాద్య మేళంలో జాంగుతోపాటు మరో డోలు, చిన్న, పెద్ద కంచు పళ్లేలు ఉంటాయి. ఆ బృందంలో పక్కవారి లయను వినగలిగితే చాలు, జన్మపత్రాలు ఎవరూ అడగరు! కథాగానమైన పాన్సోరికి మాత్రం భాష కావాలి; దానిని తరువాతికి ఉంచుకోవచ్చు.

అయితే కన్నతల్లి ఎవరన్న ప్రశ్నకు వాద్యం జవాబు చెప్పదు. ఆ అన్వేషణ వేరు. ఆమె బాగా వాయించినప్పుడు “రక్తంలోనే ఉంది” అనకండి, అది ఆమె సాధనను చిన్నబుచ్చుతుంది.