డిజైన్, బొమ్మలు, ఆర్కిటెక్చర్ అవార్డు పోటీలకు వేలల్లో ఫీజు కట్టి ఎంట్రీ పంపొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీరు రెండేళ్ళుగా ఇల్లస్ట్రేటర్‌గా పనిచేస్తున్నారు, మీ స్నేహితురాలు ఆర్కిటెక్ట్. ఇద్దరికీ అవార్డు పోటీల మెయిళ్ళు వస్తున్నాయి, ఒక్కోదానికి ఫీజు వేలల్లో ఉంది. కట్టి పంపొచ్చా, లేక దండగ ఖర్చేనా అని.

నేను కాకినాడలో చిన్న ఆర్కిటెక్చర్ ఆఫీసు నడుపుతున్నాను. నాతో కలిపి నలుగురం. మా తమ్ముడు పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాడు. ఈ పన్నెండేళ్ళలో ఇద్దరం కలిసి ముప్పైకి పైగానే పోటీలకు పంపి ఉంటాం. నాలుగింటిలో పేరు వచ్చింది. మీకు నేను చెప్పేది, పంపండి అనే. అయితే షరతులు మొత్తం చదివాకే పంపండి. గెలవకపోయినా పోటీకోసం బొమ్మలూ వివరణా పేర్చి తయారుచేసిన ఆ షీటు మీ దగ్గర పనికొచ్చే వస్తువుగా మిగులుతుందనిపిస్తేనే పంపండి. ఈ రెండూ నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవి.

ముందు షీటు సంగతి. ఉప్పాడ దగ్గర ఒక నేత కుటుంబానికి మగ్గం షెడ్డు కట్టాం. వాళ్ళది గుంట మగ్గం. సముద్రం పక్కనే ఊరు, వానాకాలం వస్తే గుంటలోకి నీళ్ళు ఊరేవి. మూడు నెలలు పని ఆగిపోయేది. అందుకని అరుగు రెండున్నర అడుగులు లేపి, గుంట అడుగు కూడా వాననీటి మట్టానికి పైనే ఉండేలా చేశాం. జాందానీ నేతలో బుటా (చీర మీద పువ్వు) అంతా చేత్తో, పోగు పోగూ లెక్కపెట్టి వేయాలి కాబట్టి వెలుతురు ముఖ్యం. నేరుగా ఎండ పడకుండా ఉత్తరం వైపు పొడుగాటి కిటికీ పెట్టాం. చిన్న పనే, కానీ నా పనుల్లో నాకు బాగా ఇష్టమైనది అదే.

దాన్ని ఒక అవార్డుకు పంపాం. ఏ-వన్ సైజు పెద్ద షీట్లు రెండు. సూర్యాస్తమయం వెనక షెడ్డు, కొబ్బరిచెట్ల మధ్య షెడ్డు, డ్రోన్‌తో పైనుంచి షెడ్డు... మొత్తం పదకొండు బొమ్మలు. పక్కన ఆరువందల మాటల వివరణ, అందులో సుస్థిరత అనే మాటే ఏడుసార్లు. మొదటి వడపోతలోనే పోయింది. బాధపడి, పోటీలకు జడ్జిగా వెళ్ళిన అనుభవం ఉన్న ఒక పెద్దాయనకు ఆ షీట్లు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఇందులో మగ్గం ఎక్కడుందమ్మా?" అన్నారు.

నిజంగానే మగ్గం ఏ బొమ్మలోనూ గోరంత కన్నా పెద్దగా లేదు. మేము మూడు నెలలు తలబద్దలు కొట్టుకున్నది ఆ గుంట గురించి, ఆ కిటికీ గురించి. అవి రెండూ షీటులో లేవు.

మరుసటి ఏడు మళ్ళీ పంపాం. ఈసారి సగం షీటు నిండా ఒకే ఒక్క సెక్షన్, అంటే షెడ్డును నిలువుగా కోసి లోపల చూపినట్టుండే బొమ్మ. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి, ఎదురుగా పడుగు, దాని మీద పడుతున్న ఉదయం పది గంటల వెలుతురు. ఎంతవరకు వాననీరు వస్తుందో నీలం గీత. ఆ గీత గుంట అడుగుకన్నా కింద ఉంది. అది చూస్తే చాలు, ఇంకేమీ చదవక్కర్లేదు. వివరణ తొంభై మాటలు. చిన్న ప్రాజెక్టుల విభాగంలో ప్రత్యేక ప్రస్తావన వచ్చింది. ఆ సెక్షన్ ఇప్పటికీ మా ఆఫీసు గోడ మీద ఉంది. కొత్త క్లయింటు వస్తే ముందు దాన్నే చూస్తారు. అవార్డుకన్నా ఆ బొమ్మే మాకు ఎక్కువ పని తెచ్చింది.

జడ్జీలకు వందల ఎంట్రీలుంటాయి. వాళ్ళు మన కట్టడం దగ్గరకు రారు, కాగితమే చూస్తారు. ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు లాంటివి వేరు. అక్కడ ఫీజు కట్టి పోటీ పడటం ఉండదు, నామినేషన్ ద్వారా తీసుకుంటారు, షార్ట్‌లిస్టు అయిన కట్టడాన్ని నిపుణులు స్వయంగా వెళ్ళి చూసి నివేదిక రాస్తారు. ఇండోర్‌లో ఆర్కిటెక్ట్ బి.వి. దోషీ గారి అరణ్య హౌసింగ్‌కు 1995లో ఆ అవార్డు వచ్చింది. మనం ఫీజు కట్టి పంపే పోటీల్లో చాలావాటికి ఆ తీరిక ఉండదు. కాబట్టి మన పనిలో అసలు కష్టం ఎక్కడుందో అదే షీటులో పెద్దగా కనబడాలి.

వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకం కథ మీ స్నేహితురాలికి తెలిసే ఉంటుంది. 1981లో 1,421 ఎంట్రీలు వచ్చాయి. పేర్లు లేవు, అన్నిటికీ నంబర్లే. గెలిచింది 1026వ నంబరు. తీరా చూస్తే అది 21 ఏళ్ళ మాయా లిన్‌ది, యేల్‌లో ఇంకా చదువుకుంటున్న అమ్మాయి. ఆమె పంపినవి మెత్తని పాస్టెల్ బొమ్మలు, చూడటానికి చాలా సాదాగా ఉంటాయి. పక్కన ఒక పేజీ వివరణ. నేలలోకి దిగి మళ్ళీ పైకి వచ్చే నల్లరాతి గోడ, దాని మీద చనిపోయినవాళ్ళ పేర్లు. ఆ ఒక్క ఆలోచననే కాగితం మీద పెట్టింది.

పేరు లేకుండా పంపాల్సిన పోటీల్లో ఒక జాగ్రత్త. మా ఆఫీసు షీట్లన్నిటికీ ఒకే టెంప్లేటు, కింద కుడి మూలలో చిన్న అక్షరాల్లో ఆఫీసు పేరు. ఒకసారి అది తీసేయడం మర్చిపోయాం. రెండు వారాల పని, కట్టిన ఫీజు అన్నీ పోయాయి. అనర్హులని ఒక లైను మెయిల్ వచ్చింది. తప్పు మాదే. అప్పటినుంచి ఆఖరి పీడీఎఫ్‌ను ఆ ప్రాజెక్టుతో సంబంధం లేనివాళ్ళ చేత చూపిస్తాం. ఫైలు పేరు, ఫైలు ప్రాపర్టీస్‌లో రచయిత పేరు, ఫోటోలో కనబడే సైటు బోర్డు, అన్నీ వెతకమని చెప్తాం. ఆఖరి రోజు రాత్రి వెబ్‌సైటు మొరాయించడం కూడా మామూలే. గడువు ఏ దేశపు టైముతో రాశారో చూసుకుని ఒకరోజు ముందే ఎక్కించేయండి. ఆ టెన్షన్ పడకండి.

ఇక షరతులు. ఇల్లస్ట్రేటర్‌గా మీకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

మా తమ్ముడు కొత్తలో ఒక కంపెనీ క్యాలెండర్ పోటీకి పన్నెండు బొమ్మలు పంపాడు. ఫీజు లేదని సంతోషంగా పంపాడు. బహుమతి రాలేదు. ఏడాది తర్వాత ఒక పిల్లల పత్రిక వాళ్ళకు అందులో రెండు బొమ్మలు నచ్చాయి. హక్కులు మీవేనా అని అడిగారు. అప్పుడు పాత షరతులు తీసి చదివాడు. "వచ్చిన ఎంట్రీలన్నీ నిర్వాహకుల సొత్తు" అని ఉంది. గెలిచినవి మాత్రమే అని కాదు, వచ్చినవన్నీ. పత్రికవాళ్ళకు నిజం చెప్పి వదులుకున్నాడు. ఆ రోజు వాడు అన్నం తినలేదు. ఫీజు లేని పోటీ అని వెళ్తే వాడికి అన్నిటికన్నా ఎక్కువ ఖరీదైనది అదే అయింది.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం బొమ్మ వేసినవాళ్ళే మామూలుగా దాని మొదటి హక్కుదారు, ఉద్యోగంలో భాగంగా వేస్తే మాత్రం వేరే లెక్క. హక్కు మరొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్ళు, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే అని కూడా అందులో ఉంది. 57వ సెక్షన్ కింద, హక్కులు అమ్మేసినా ఇది నా బొమ్మ అని చెప్పుకునే హక్కు వేసినవాళ్ళకు ఉంటుంది. అందుకే షరతులు చదివేటప్పుడు మూడు చూడండి: ఎవరి ఎంట్రీల మీద హక్కు పోతుంది (గెలిచినవాళ్ళవా, అందరివా), ఎంతకాలం, ఎందుకోసం. ఫలితాల ప్రకటనకు, ప్రదర్శనకు, పోటీ పుస్తకానికి వాడుకుంటామంటే అది న్యాయమే. అన్ని ఎంట్రీలనూ ఏ వస్తువు మీదైనా శాశ్వతంగా వేసుకుంటామంటే ఎంత పెద్ద పేరున్న సంస్థయినా సరే పంపకండి. ప్రొడక్ట్ డిజైన్ చేసేవాళ్ళకు ఇంకో మాట: డిజైన్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేశాకే పోటీకి పంపండి. ఒకసారి బయటి ప్రపంచానికి కనబడితే కొత్తదనం పోయిందని 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు చిక్కు వస్తుంది.

గెలిచినవాళ్ళు హక్కు వదులుకోవడం తప్పని చోట్లూ ఉంటాయి. మన రూపాయి గుర్తు పోటీ అలాంటిదే. మూడు వేలకు పైగా ఎంట్రీల్లోంచి అయిదు మిగిలి, 2010 జులైలో ఉదయకుమార్ గారిది ఖాయమైంది. బహుమతి రెండున్నర లక్షలు. అది దేశమంతా వాడాల్సిన గుర్తు, హక్కు ఒకరి దగ్గర ఉంటే కుదరదు. దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వడం వేరు, చదవకుండా పోగొట్టుకోవడం వేరు.

మీ స్నేహితురాలికి కూడా ఒకటి చెప్పండి. ఆర్కిటెక్చర్ పోటీలు ఎలా నడపాలో మన వృత్తిని నియంత్రించే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ మార్గదర్శకాలు ఉన్నాయి, వాటిని పాటించాలని మన వృత్తి నియమావళిలోనూ ఉంది. జ్యూరీలో ఎవరున్నారో ముందే ప్రకటించారా, గెలిస్తే పని ఇస్తారా లేక బహుమతి సొమ్ముతో సరా అన్నది చూసుకోమనండి. గెలుపు వేరు, కట్టడం వేరు అని మన అమరావతే చూపించింది. ప్రభుత్వ భవనాల డిజైన్ పోటీలో 2016 మార్చిలో జపాన్‌కు చెందిన మాకీ అండ్ అసోసియేట్స్ గెలిచింది. ఆ తర్వాత వాళ్ళను పక్కనపెట్టి, చివరికి బ్రిటన్ సంస్థ ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్‌కు ఇచ్చారు. అంత పెద్ద సంస్థకే అలా అయింది. అవార్డు వస్తే పని దానంతటదే వస్తుందని లెక్కలు వేసుకోవద్దు.

ఫీజు గురించి. ఫీజు తీసుకున్నంత మాత్రాన పోటీ చెడ్డదని నేననను. జ్యూరీని పిలవాలి, ప్రదర్శన పెట్టాలి, ఖర్చు ఉంటుంది. గెలిచాక విడిగా ఫీజు ఉండే పద్ధతి రెడ్ డాట్, ఐఎఫ్ లాంటి పేరున్న జర్మన్ అవార్డుల్లో కూడా ఉంది. కాకపోతే వాళ్ళు దాన్ని షరతుల్లో ముందే రాస్తారు. మనం ఎంట్రీ ఫీజు ఒక్కటే చూసి బయల్దేరితే, తీరా గెలిచాక గుండె జారుతుంది. నాకు అలాగే ఒకసారి "అభినందనలు, మీరు విజేత" అని మెయిల్ వచ్చింది. ఆఫీసంతా స్వీట్లు పంచాను. రెండో మెయిల్‌లో ట్రోఫీకి ఇంత, సర్టిఫికెట్‌కు ఇంత, వేడుకలో కుర్చీకి ఇంత అని జాబితా. కూడితే లక్ష దాటింది. ఆ విభాగంలో ఎంతమంది గెలిచారని అడిగితే జవాబు రాలేదు. రెండు రోజులు ఊగిసలాడి కట్టలేదు. అందులో నాలుగో వంతు డబ్బుతో మంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించి మా మూడు పనులు ఫోటోలు తీయించుకున్నాం. ఇప్పటికీ వాడుతున్నాం. (ఆ ఫోటోలు పోటీకి పంపాలంటే ఫోటోగ్రాఫర్ అనుమతి, ఇంటివాళ్ళ అనుమతి రెండూ తీసుకోండి. మేస్త్రి పేరు, స్ట్రక్చరల్ ఇంజనీరు పేరు కూడా రాయండి. నాకు ఇది చాలా ముఖ్యం. ఉప్పాడ మేస్త్రి తన పేరు అచ్చులో చూసుకున్నప్పుడు ఎంత మురిసిపోయాడో నేను కళ్ళారా చూశాను.)

ఇప్పుడు మా ఆఫీసుకు ఏడాదికి పదిహేను వేలు, అంతే. అందులో రెండు పోటీలు వచ్చినా, ఒకటే వచ్చినా సరే. విదేశీ పోటీ అయితే కార్డు మీద పడే ఫారెక్స్ (విదేశీ మారకం) చార్జీ కూడా అందులోనే. ఉద్యోగంలో రెండేళ్ళే అయిన మీరు అంత కూడా పెట్టక్కర్లేదు.

మీరు ఇల్లస్ట్రేటర్ కాబట్టి మీకు నేనైతే ఇటలీలో జరిగే బొలోన్యా పిల్లల పుస్తకాల ప్రదర్శనలోని ఇల్లస్ట్రేటర్ల ఎంపికతో మొదలుపెట్టమంటాను. అక్కడ ఒకే అంశం మీద అయిదు బొమ్మలు అడుగుతారు. మా తమ్ముడు మొదటిసారి తన మంచి బొమ్మలు అయిదు ఏరి పంపాడు, ఒక్కోటి ఒక్కో కథలోది. ఒకటి నెమలి, ఒకటి రైలు, ఒకటి అమ్మవారి జాతర. దేనికదే బాగుంటుంది, కలిపి చూస్తే మాత్రం అయిదుగురు వేసినట్టుంది. రెండోసారి ఒకే కథ పట్టుకున్నాడు. ముంజికాయల బండి తోసుకుంటూ ఒక పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరంతా తిరుగుతుంది. మొదటి బొమ్మలో బండి చక్రాలు పచ్చగా నిగనిగలాడుతుంటాయి, అయిదో దానికి వచ్చేసరికి వాడి, నల్లబడి, ఒకటి విరిగి ఉంటుంది. పిల్ల మొహం అయిదింటిలోనూ అదే పిల్ల మొహం. వాడికి ఆ ఏడూ ఎంపిక రాలేదు. కానీ ఆ అయిదు బొమ్మలే చూపించి ఒక ప్రచురణకర్త దగ్గర మొత్తం పుస్తకం ఒప్పందం తెచ్చుకున్నాడు, హక్కులు తన దగ్గరే ఉంచుకుని.

కాబట్టి ఈ నెల ఫీజు ఎక్కడా కట్టకండి. ముందు ఒక కథ తీసుకుని ఆ అయిదు వేయండి. వేశాక, షరతుల కాగితం అర్థం కాకపోతే ఆ పేరా ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.