మీ అమ్మకు చెప్పినంకనే పో

చిరంజీవి శ్రీనుకు మేనమామ దీవెనలు.

నువ్వు ఫ్రీమేసన్ లాడ్జిల, అదే ప్రమాణం చేసి చేరే ఆ మొగోల్ల సంఘంల, చేరుతున్నవని మీ అమ్మ ఫోన్‌ల ఏడ్చింది. "రాత్రిపూట తలుపులేసుకొని ఏం పూజలు చేస్తరో" అన్నది. నాకు సంతోషమే అయ్యింది, గని నిద్ర పట్టలేదు. హైదరాబాద్ గోషామహల్‌ల లాడ్జి నడిచే ఆ కుతుబ్‌షాహీల బారాదరి మెట్లు నేనూ ఎక్కినోన్నే.

చందా ఎంతో ముందే అడుగు, అప్పు చేసి చేరకు. పైరవీలయితయని ఆశపడకు. దేవుణ్ని నమ్ముతవా అని అడుగుతరు, ఏ దేవుడని అడగరు. లోపల మతం, రాజకీయం ముచ్చట తియ్యొద్దు.

ఇగ నేను చేసిన తప్పు విను. దాచుమన్నది చేతులు కలిపే గుర్తులు, సంకేతపు మాటలు, గంతే. నేను చేరిన సంగతే మీ అత్తకు దాచిన. ఒకనాడు సందూకల కోకల కింద ఆమెకు నా ఏప్రన్ దొరికింది. లాడ్జిల నడుముకు కట్టుకునేది, తెల్లటి గొర్రెపిల్ల తోలు. ముట్టుకొని, చెయ్యి కొంగుకు తుడుచుకున్నది. "ఎవలి మీద చేపిస్తున్నవు?" అని అడిగింది. ప్రమాణం చేసిన మొగోన్నని నోరు తెరవకపోతిని. పిల్లలను తీసుకొని దేవరకొండకు, పుట్టింటికి పోయింది.

వాడకట్టంత పాకింది. పక్కింటి పోరనికి జరమొస్తే అందరు మా గడప దిక్కే చూసిండ్రు. బాణామతి అనుమానం మీద మనుషుల పండ్లు పీకిన ఊర్లున్నయి మన దిక్కు, నీకెరుకే. ఆ రాత్రులు తలుపుకు గడియ పెట్టి, దానికి పీట ఆనించి పండుకున్న బిడ్డా.

లాడ్జిల ఒక పెద్దాయన విని కోపం చేసిండు. "లండన్‌ల 1717ల గ్రాండ్ లాడ్జి పెట్టిండ్రు, 1723ల మన నియమాలు పుస్తకమేసి అమ్మిండ్రు. అచ్చుల ఉన్నది పెండ్లానికి దాస్తవా?" అన్నడు. మరునాడే దేవరకొండ బస్సెక్కి, అత్తగారి అరుగు మీద కూసొని ఆమెకు అంతా చెప్పిన. మూడు నెలలకు గని ఇంటికి రాలే.

ఉత్తరాదిన లాడ్జి ఇండ్లను జాదూఘర్, అంటే మంత్రాల ఇల్లు, అనేటోల్లు. మోతీలాల్ నెహ్రూ అసొంటోళ్లున్న సంఘానికే గా పేరు తప్పలేదు. ఊరందరి నోరు నువ్వు మూయలేవు. మీ అమ్మ భయపడితే మాత్రం నేను ఊకోను.

ప్రమాణానికి పోకముందే, వచ్చే ఐతారం నల్లగొండకు రా. మీ అత్త నా ఏప్రన్ తీసి మీ అమ్మ చేతిల పెడతనంటున్నది. అప్పుడు నువ్వు పక్కన కూసోవాలె.

మీ మామ