లైఫ్ జాకెట్‌ను బడి చొక్కాలా ఒక సైజు పెద్దది కొనకండి

నీళ్ల సంగతులు: పాఠకుల ప్రశ్నలకు కళింగపట్నం విశ్రాంత సారంగు (పడవ సిబ్బంది పెద్ద) జవాబులు

ప్రశ్న: సెలవుల్లో తాటిపూడి జలాశయంలో బోటు షికారుకు వెళ్దామనుకుంటున్నాం. తర్వాత సముద్రం మీద జెట్ స్కీ ఎక్కాలని మావారి సరదా. ఆయన 90 కిలోలు, ఈత రాదు. బాబుకు ఎనిమిదేళ్లు, 24 కిలోలు. వాడికీ ఈత రాదు. సొంతంగా లైఫ్ జాకెట్లు కొందామని చూస్తే 50, 100, 150 అని అంకెలు, ఏడు వందల నుంచి ఏడు వేల దాకా ధరలు. లావు మనిషికి పెద్ద అంకె కావాలా? బాబుకు రెండేళ్లు వచ్చేలా కాస్త పెద్దది తీసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రెండో ప్రశ్నకు ముందు చెబుతానమ్మా. వద్దు. ఎదిగే పిల్లాడని బడి చొక్కా ఒక సైజు పెద్దది కొన్నట్టు దీన్ని కొనకూడదు. వదులు జాకెట్ వేసుకుని నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారతాడు. ముక్కూ నోరూ మెడపట్టీలోకి దిగిపోతాయి. మొండేనికి కట్టుకుని ఉండాల్సింది చెవుల దగ్గరికి వచ్చేస్తుంది.

కొనేచోటే పరీక్ష చేయండి. బాబుకు జాకెట్ తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించి, చేతులు రెండూ పైకెత్తమనండి. మీరు భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి వచ్చిందా, అది వాడి సైజు కాదు. పిల్లల సైజును వయసుతో చూడరు, బరువుతో చూస్తారు. లోపలి లేబుల్ మీద ఇన్ని కిలోల నుంచి ఇన్ని కిలోల దాకా అని ఉంటుంది. వాడి 24 కిలోలు ఆ మధ్యలో పడాలి. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ, తల వెనక మెత్తటి కాలర్, వీపు మీద పట్టుకుని లాగడానికి పిడి ఉన్నదే తీసుకోండి. ఆ పట్టీ గుచ్చుకుంటోందని పేచీ పెడతాడు. వినకండి.

ఇక అంకెల సంగతి. అవి న్యూటన్లు. 10 న్యూటన్లంటే సుమారుగా ఒక కిలోను తేల్చే బలం. 50 అంటే ఐదు కిలోలన్నమాట. 90 కిలోల మనిషికి ఐదు కిలోలేం సరిపోతాయని మీకు అనుమానం రావచ్చు. మనిషి నీళ్లలో దిగాక ఒంటి బరువు చాలావరకు నీళ్లే మోస్తాయి. జాకెట్ మోయాల్సింది మిగిలిన కొద్ది కిలోలే. పైగా కొవ్వు తేలుతుంది, కండ మునుగుతుంది. బక్కగా, కండ కట్టి ఉన్న కూలీకంటే మీవారు తేలిగ్గా తేలవచ్చు. ఈ మాట ఆయనకు ఎలా చెబుతారో మీ ఇష్టం.

కాబట్టి అంకెను ఒంటి లావు చూసి ఎంచుకోకూడదు. ఈత వచ్చా రాదా, నీళ్లు ఎలాంటివి అన్నది చూడాలి. 50 అనేది ఈత వచ్చినవాళ్లకు, ఒడ్డు దగ్గర, సాయం అందేచోట. అది మిమ్మల్ని వెల్లకిలా తిప్పుతుందని నమ్మకూడదు. 100 చెరువులు, జలాశయాల వంటి నెమ్మది నీళ్లకు. 150 సముద్రానికి. 275 లోతు సముద్రంలో బరువైన బట్టలతో పనిచేసేవాళ్లకు, అది మీకు అక్కర్లేదు. ఐఎస్ఓ 12402 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ తరగతులు వచ్చాయి. ఈత రాని మీవారికీ బాబుకూ తాటిపూడిలో 100 తరగతి ఉండాలి. పిల్లల జాకెట్ మీద అసలు తేల్చే బలం తక్కువ రాసి ఉంటే కంగారు పడకండి. ఒళ్లు చిన్నది కాబట్టి అదే తరగతికి వాళ్లకు తక్కువ బలం చాలు. మన దేశంలో తయారైన వాటి మీద ఓడల భద్రతను తనిఖీ చేసే ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ సంస్థ ఆమోద ముద్ర ఉందేమో చూడండి. ఏ అంకే, ఏ ముద్రా లేకుండా 'లైఫ్ జాకెట్' అని మాత్రమే ఉంటే దాన్ని వదిలేయండి. పెద్దవాళ్ల సైజుకు ఛాతీ కొలత ముఖ్యం.

జెట్ స్కీకి మాత్రం ముందు మూడు నాలుగు పట్టీలు అడ్డంగా ఉన్న ఫోమ్ జాకెట్ కావాలి. వేగం మీద పడితే ఒక్క జిప్పు ఉన్నది ఊడిపోవచ్చు. ఈత రాకుండా దాని జోలికి పోవడం నాకైతే నచ్చదు.

బోటు దగ్గర వాళ్లిచ్చేవే వేసుకుంటామంటారా, చూసి వేసుకోండి. ఫోమ్‌ను వేళ్లతో నొక్కి వదిలితే మళ్లీ ఉబకాలి. అట్టలా గట్టిపడినా, నీరు పట్టి బరువెక్కినా మార్చమనండి. రంగు బాగా వెలిసిపోయిందంటే ఎండకు గుడ్డ చివికి ఉంటుంది. కుట్లు లాగి చూడండి. పిల్లల సైజు లేదంటే బాబును ఎక్కించకండి. మొహమాటం వద్దు. ఎక్కాక ఫొటోల కోసం, ఉక్కపోత అని విప్పనివ్వకండి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి గుర్తుంచుకోండి. మునిగేటప్పుడు జాకెట్ తెచ్చి తొడుక్కునే వ్యవధి ఉండదు.

ప్రశ్న: వంశధార మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) దగ్గర కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ నడపడం నేర్చుకుంటున్నాను. ఈత బాగా వచ్చు. ఫోమ్ జాకెట్ లావుగా ఉంటుందని గ్యాస్ సిలిండర్‌తో ఉబ్బే సన్నటి రకం కొందామనుకుంటున్నాను.
— ఒక యువకుడు, శ్రీకాకుళం

జవాబు: వద్దు తమ్ముడూ. తడిస్తే తనంతట తానే ఉబ్బే రకం కయాక్‌లో మాటిమాటికీ అనవసరంగా ఉబ్బుతుంది, ఉబ్బిన ప్రతిసారీ కొత్త సిలిండర్ కొనాలి. బోల్తా పడ్డ కయాక్ కింద ఉండగా ఉబ్బితే బయటికి రావడమే కష్టం. నీకు 50 తరగతి ఫోమ్ జాకెట్ చాలు. చంకల దగ్గర వెడల్పుగా, నడుము దగ్గర పొట్టిగా ఉండాలి. కూర్చుని తెడ్డు వేసి చూసి కొను. నీలం రంగు వద్దు, నీళ్లలో కనబడదు. నారింజో పసుపో తీసుకో.

జాకెట్ కంటే నాకు మొగ మీదే ఎక్కువ బెంగ. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, ఏరూ సముద్రమూ కలిసి సముద్రంలోకి లాగుతాయి. ఇసుక మేటలు ఏటా చోటు మారతాయి. పోటు పాటు తెలిసిన మావాళ్లను అడక్కుండా అక్కడ దిగకు, ఒంటరిగా అసలే దిగకు.

ప్రశ్న: మా నాన్న ఫైబర్ పడవ మీద చేపల వేటకు వెళ్తారు. జాకెట్ ఉంది గాని పడవలో డీజిల్ డబ్బాల పక్కన పడేస్తారు. ఉక్క, వల లాగడానికి అడ్డం అంటారు. నా మొదటి జీతంతో మంచిది కొనిద్దామనుకుంటున్నాను. ఏది కొనాలి?
— ఒక ఉద్యోగిని, భావనపాడు

జవాబు: తల్లీ, మీ నాన్న చెప్పింది అబద్ధం కాదు. ప్రయాణికుల కోసం చేసిన ఆ లావు జాకెట్ వేసుకుని వల లాగితే రెండు చేతులూ దగ్గరికి రావు. వేలాడే పట్టీలకు వల తాళ్లు తగులుకుంటాయి. అలాంటిది కట్టుకోమని నేనూ చెప్పను.

గ్యాస్‌తో ఉబ్బే 150 తరగతి జాకెట్ పనికొచ్చేది ఇలాంటి చోటే. మెడ చుట్టూ, ఛాతీ మీద సన్నగా పడుకుని ఉంటుంది, అంతగా చెమట పట్టదు. ఉబ్బితే మనిషిని వెల్లకిలా తిప్పగలదు. మాకు ఈత రాదా అని వేటకు వెళ్లేవాళ్లు అంటారు. వచ్చు. పడవ అంచు నెత్తికి తగిలి స్పృహ తప్పినవాడికి ఈతతో ఏం పని? ఈ రకంలో తలనొప్పి కూడా ఉంది. ఉప్పుకు సిలిండర్ తుప్పు పడుతుంది, మర బిగువు తగ్గుతుంది. నెలకోసారి విప్పి చూడాలి, ఏటా సర్వీసు చేయించాలి. ఆ పని ఇంట్లో ఎవరో ఒకరు పట్టించుకుంటేనే కొనండి. పట్టించుకోరనుకుంటే, వేలాడే తాళ్లు లేని సన్నటి ఫోమ్ జాకెట్ కొనండి. డబ్బాల పక్కన పడున్న పెద్ద అంకెకంటే ఒంటి మీదున్న చిన్న అంకె మేలు. తెల్లారుజాము వేట కాబట్టి వెలుగు పడితే మెరిసే టేపు, కట్టి ఉన్న ఈల తప్పనిసరి. డీజిల్ తగిలితే ఫోమూ గుడ్డా పాడవుతాయి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, ఆ రోజుల్లో కొని ఒడ్డు దగ్గర ఒకసారి వేసుకుని చూడమనండి. సైజుకు ఆయన ఛాతీ కొలత కావాలి. జాకెట్ కోసమంటే టేపు పెట్టనివ్వరు, చొక్కా కుట్టిస్తానని చెప్పి కొలవండి.