సోలార్ సెల్‌ను ముక్క కోసి ఈపీఆర్‌లో (జత లేని ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రం, మైక్రోవేవ్‌లతో పట్టే యంత్రంలో) పెడితే సిలికాన్ లోపాల లెక్క తేలుతుందా?

తేలదు. ముందు తేలేది మీ కోత ఎంత మొరటుగా ఉందన్నదే.

కోసినా విరిచినా అంచున సిలికాన్ నలుగుతుంది. అక్కడ తెగిన బంధాల జీ విలువ (సిగ్నల్ ఏ ఫీల్డ్ దగ్గర వస్తుందో చెప్పే సంఖ్య, లోపాన్ని గుర్తుపట్టేది దీన్నిబట్టే) 2.0055. అమార్ఫస్ (పరమాణువులు క్రమం లేకుండా ఉండే) సిలికాన్ పొరలోని డాంగ్లింగ్ బాండ్‌దీ (జత దొరకని బంధానిదీ) అదే 2.0055. రెండు సిగ్నళ్లూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, చూసి విడదీయడం కుదరదు. అనుమానం తీర్చుకోవాలంటే 3 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని ఒకసారి కొలవండి. దాన్నే నిలువునా చీల్చి, రెండు ముక్కలూ కలిపి ట్యూబులో వేసి మళ్లీ కొలవండి. పదార్థం పెరగలేదు, అంచులు పెరిగాయి. సిగ్నల్ కూడా పెరిగితే అది అంచుదే. ఉత్త వేఫరైతే నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ల మిశ్రమంలో నలిగిన పొరను కరిగించేయొచ్చు. ఫ్యూమ్ హుడ్, హైడ్రోఫ్లోరిక్ కాలిన గాయాలకు రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేనిచోట మాత్రం ఆ పని తలపెట్టకండి. పలుచని పొరకు ఈ వైద్యం పనికిరాదు, పొరే పోతుంది. దాన్ని అల్యూమినియం రేకు మీద పెంచి, రేకును పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించి, మిగిలిన పొరల పొడిని క్వార్ట్జ్ ట్యూబులో నింపాలి. మామూలు గాజు వాడితే అందులోని ఇనుము జీ 4.3 దగ్గర తలెత్తుతుంది.

పూర్తి సెల్‌కు ఇంకో తంటా, వెనకున్న లోహం. 9.5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ అల్యూమినియంలో ఒక మైక్రాన్ కూడా దిగదు, ప్రింట్ చేసిన పూతేమో పదుల మైక్రాన్లు. నమూనా పెట్టే మైక్రోవేవ్ గది, అంటే క్యావిటీ, ట్యూనే కాదు. పైగా 300 నానోమీటర్ల పొరలో ఘన సెంటీమీటరుకు 10¹⁶ లోపాలున్నా, చదరపు సెంటీమీటరు ముక్కలో ఉండేది 3×10¹¹ స్పిన్‌లే (జత లేని ఎలక్ట్రాన్లు). మామూలు యంత్రం పట్టుకోగలిగే హద్దు దాదాపు అదే.

అందుకే సెల్‌కైతే ఈడీఎంఆర్ (స్పిన్‌లను కరెంటు ద్వారా చూసే పద్ధతి) మేలు. స్పిన్ తిరిగినప్పుడు కరెంటులో వచ్చే లక్షో వంతు మార్పును పట్టుకుంటుంది. దీనికి లోహపు కాంటాక్ట్‌ల మందం 100 నానోమీటర్లకు మించకూడదు. సెల్ కెపాసిటెన్స్ వల్ల 100 కిలోహెర్ట్జ్ మాడ్యులేషన్ (ఫీల్డ్‌ను కొద్దిగా అటూఇటూ ఊపడం) నడవదు, కొన్ని కిలోహెర్ట్జ్‌కు దిగాలి. మాడ్యులేషన్ కాయిల్ తీగల్లోకి నేరుగా కరెంటు పుట్టిస్తుంది, మైక్రోవేవ్ ఆపినా మిగిలేది అదే. ఇంతా చేసి ఇది లోపాల సంఖ్య చెప్పదు, కరెంటు దారిలో అడ్డుపడినవాటినే చూపిస్తుంది.

విసుగు పుట్టించేది ఇంకోటుంది. ఈపీఆర్‌లో కనబడలేదు గనక లోపాలు లేవని రాసేస్తుంటారు. జత లేని ఎలక్ట్రాన్ ఉంటేనే సిగ్నల్. డోప్ చేసిన (కావాలని వేరే మూలకం కలిపిన) పొరలో అదే డాంగ్లింగ్ బాండ్ చార్జ్ అయి కూర్చుంటుంది, మాయమైనట్టే కనిపిస్తుంది. ఇక రిఫరెన్స్ లేకుండా జీ విలువను నాలుగు దశాంశాలకు చెప్పేవాళ్లతో ఏం వాదిస్తాం! రిఫరెన్స్‌గా వాడే పొడి డీపీపీహెచ్ జీ 2.0036. దానికీ డాంగ్లింగ్ బాండ్‌కూ మధ్య దూరం దాదాపు 0.3 మిల్లీటెస్లా. ఫీల్డ్ అంత తప్పితే లోపం పేరే మారిపోతుంది. డాంగ్లింగ్ బాండ్ గీత వెడల్పు సుమారు 0.7 మిల్లీటెస్లా కాబట్టి మాడ్యులేషన్ 0.2 మిల్లీటెస్లా దాటనివ్వకండి.